పెద్ద కలకు ఎన్‌ఓసీ ఇవ్వబడదు

సారపాకలో బతకడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గోదావరి ఉంది, ఐటీసీ కాగితం మిల్లు ఉంది, వంతెన దాటితే రాములవారున్నారు. బతుకు మార్చుకోవాలనుకున్నప్పుడే చిక్కు. దానికి నలుగురి దగ్గర ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి.

ఈ నలుగురినీ ఏ పంచాయతీ ఎన్నికల్లోనూ ఎవరూ గెలిపించలేదు. వాళ్ళకు ఆఫీసు లేదు, రబ్బరు స్టాంపు లేదు, సమాచార హక్కు చట్టం వర్తించదు. అయినా కోరం ఎప్పుడూ నిండే ఉంటుంది. పొద్దున్నే డ్యూటీ ఎక్కబోయేవాళ్ళు ఇద్దరు, రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు ఇద్దరు టీ కొట్టు బల్ల మీద కలిస్తే ధర్మాసనం కూర్చున్నట్టే. పెద్దకర్మ భోజనాల్లో కూర్చునేది విస్తృత ధర్మాసనం. పెళ్ళి పందిట్లో అయితే రాజ్యాంగ ధర్మాసనమే. తీర్పు కాగితం మీద రాదు. "నీ మంచి కోరి చెప్తున్నా" అని మొదలైందంటే తీర్పు వచ్చేసినట్టే లెక్క. అప్పీలుకు పై కోర్టు లేదు. ఉన్నా అక్కడ కూర్చునేది మన మేనమామే.

అలాగని ఈ ధర్మాసనం కలలకు వ్యతిరేకం అంటే నేనొప్పుకోను. ఆమోదించిన కలలు బోలెడున్నాయి. మిల్లులో పర్మినెంటు కావడం మొదటిది. 1975లో పుట్టి 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన భద్రాచలం పేపర్‌బోర్డ్స్ కంపెనీ 2002లో ఐటీసీలో కలిసిపోయింది గానీ, పాతవాళ్ళ నోట ఇంకా బీపీఎల్‌గానే ఉంది. అందులో కుదరకపోతే మణుగూరు వైపు భారజల కర్మాగారం, సింగరేణి, పాల్వంచ కేటీపీఎస్. ఇవేవీ తగలకపోతే టీచరు. అదీ కాకపోతే ఇంటర్ ఎంపీసీ, హైదరాబాద్, ఆపైన డల్లాస్. డల్లాస్ వెళ్తానన్న కుర్రాణ్ణి అక్కడ ఏం చేస్తావని ఎవరూ అడగరు. ఎవరెస్టు ఎక్కుతానన్న కుర్రాణ్ణి మాత్రం అక్కడ ఏముందిరా అని అడుగుతారు. సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయి పేరు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న పర్మినెంటా, కాంట్రాక్టా?

ఆమోదిత కల బెడిసికొడితే ధర్మాసనం బాధ్యత తీసుకుంటుందా అంటే, అంత అమాయకంగా అడక్కండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతో బయటపడ్డప్పుడు మూడు లక్షల పైచిలుకు పిల్లలు ఫెయిలయ్యారు, 20 మందికి పైగా ప్రాణాలు తీసుకున్నారు. బోర్డును తిట్టాం, సాఫ్ట్‌వేర్‌ను తిట్టాం, తిట్టాల్సిందే. జూన్ వచ్చేసరికి మళ్ళీ అదే ఎంపీసీకి అదే క్యూలో నిలబడ్డాం. "మార్కులెన్ని?" అని పక్కింటి పిల్లను అడిగిన నోటిని మాత్రం ఏ విచారణ కమిటీ ముందుకూ పిలవలేదు.

ఇక ఆమోదం లేని కల సంగతి. భద్రాచలం దగ్గర గోదావరికి మూడు ప్రమాద హెచ్చరికలున్నాయి. 43 అడుగులకు మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నది 71 అడుగులు దాటి ఇళ్ళలోకి వచ్చింది కాబట్టి ఈ లెక్క సారపాకలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమోదం లేని కలకూ ఇదే పద్ధతి. పిల్లాడు ఏదో కొత్త మాట అన్నాడని తెలియగానే 43వ అడుగు దగ్గర బాబాయి ఫోను చేస్తాడు: "మంచిదే నాన్నా, కాకపోతే ముందు డిగ్రీ చేతిలో పెట్టుకో." 48 దగ్గర ఉదాహరణలు వస్తాయి. అశ్వాపురంలో ఎవరో, పినపాకలో ఎవరో ఇట్లాగే పోయి ఇప్పుడు ఆటో తోలుతున్నారంటారు. ఆ ఆటో తోలే మనిషి ఎవరికీ ఎదురుపడడు గానీ ప్రతి ఇంట్లోనూ ఆయన పేరు వినపడుతుంది. జిల్లాలో అంత ప్రభావం చూపిన ప్రజాప్రతినిధి ఇంకొకడు లేడు. 53వ అడుగు దగ్గర అమ్మ ఏడుస్తుంది, చెల్లెలి పెళ్ళి ప్రస్తావన వస్తుంది. కలను పునరావాస కేంద్రానికి తరలిస్తారు. వరద తగ్గాక కూడా అది ఇంటికి రాదు.

వంతెన అవతల కథే చూడండి. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారు. ఈ ప్రాంత చరిత్రలో అంతకన్నా పర్మినెంటు ఉద్యోగం ఇంకోటి లేదు. గోల్కొండ దర్బారులో అక్కన్న, మాదన్న మేనమామలే అంటారు, అంటే సిఫారసుకూ కొదవ లేదు. అట్లాంటి మనిషి వసూలైన శిస్తు పెట్టి కొండ మీద గుడి కట్టించాడు. సర్కారు సొమ్ము అట్లా వాడటం తప్పే. ఆడిటు వరకు నేను గోల్కొండ సుల్తాను తానీషా పక్షం. కానీ మన నలుగురి దృష్టిలో ఆయన నేరం శిస్తు కాదు. నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే కొలువు ఉండగా ఇదంతా నెత్తికెత్తుకోవడం. పన్నెండేళ్ళు గోల్కొండ చెరలో పడ్డాడని చెబుతారు. "చెప్తే విన్నాడా?" అని ఆయన సొంతూరు నేలకొండపల్లిలో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఇవాళ ఆ చెరసాల చూడటానికి టికెట్ కొంటాం. ఆయన కట్టించిన గుడి చుట్టూ లాడ్జీలు, కొబ్బరికాయల కొట్లు, ఆటో స్టాండ్లు పెట్టుకుని బతుకుతున్నాం. ఒకడి పిచ్చి మీద మూడు వందల ఏళ్ళకు పైగా భోంచేస్తున్న ఊళ్ళు, అదే పిచ్చి పక్కింటి పిల్లకు పడితే తాయెత్తు కట్టిస్తాయి.

అట్లా పిచ్చి పట్టిన పిల్ల మన కాలంలోనే ఒకతె ఉంది. గొంగడి త్రిష 2005 డిసెంబర్ 15న భద్రాచలంలో పుట్టింది. తండ్రి రామిరెడ్డి చిన్నప్పుడు హాకీ ఆడినవాడు, ఐటీసీలో ఫిట్‌నెస్ ట్రైనరు. సారపాక లెక్కలో ఇదొక సుఖాంతం. ఇక్కడ తెరదించేయాలి. ఈయన దించలేదు. మాటలు సరిగా రాని వయసులో బిడ్డ చేతికి ప్లాస్టిక్ బ్యాటు ఇచ్చాడు. అక్కడితో ఆగినా బాగుండేది, ముద్దుగా ఉందని నలుగురూ ఫొటో తీసుకునేవాళ్ళు. ఉద్యోగం వదిలేశాడు. తన సొంత జిమ్మును తక్కువ ధరకు అమ్మేశాడు. సంసారం సికింద్రాబాదుకు మార్చేసి పిల్లను సెయింట్ జాన్స్ అకాడమీలో వేశాడు. తర్వాత నాలుగెకరాల పొలం కూడా అమ్మాడు.

ఆడపిల్లకు క్రికెట్ నేర్పించడానికి నాలుగెకరాలు అమ్మిన మనిషి గురించి మన వైపు ఏమంటారో తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు. అదే నాలుగెకరాలు కట్నం కోసం అమ్మి ఉంటే "తండ్రి అంటే అట్లా ఉండాలి" అనేవాళ్ళం. మెడికల్ సీటు కోసం అమ్మితే "దూరదృష్టి" అనేవాళ్ళం. ఇల్లు కట్టి గృహప్రవేశానికి ఐదొందల మందికి మటన్ పెట్టడానికి అమ్మితే వెళ్ళి తిని, ముక్క ఉడకలేదని చెప్పుకుంటూ వచ్చేవాళ్ళం. పొలం అమ్మడం మనకు తప్పు కాదు, పాపం కాదు. దేనికోసం అన్నదానికి జాబితా ఉంది, అందులో బ్యాటు లేదు, అంతే.

తర్వాత జరిగింది టీవీలో చూశారు. 2023 జనవరి 29న పాచెఫ్‌స్ట్రూమ్‌లో మొట్టమొదటి అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్‌లో ఇంగ్లండ్ మీద 24 పరుగులు. 2025 జనవరి 28న కౌలాలంపూర్‌లో స్కాట్లండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్, ఆ టోర్నీ చరిత్రలో మొదటి సెంచరీ. ఫిబ్రవరి 2న ఫైనల్‌లో దక్షిణాఫ్రికా మీద 15 పరుగులిచ్చి మూడు వికెట్లు, ఆపైన 44 నాటౌట్. మొత్తం 309 పరుగులు, ఏడు వికెట్లు, ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది.

కోటి మంచిదే, ఇవ్వాల్సిందే. నాకున్న అభ్యంతరమల్లా తేదీ మీద. పిల్ల గెలిచాక వచ్చేది బహుమతి. గెలవకముందు అవసరమైంది ఒక పిచ్, నెట్లు, కోచ్. అవి సారపాకకు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి కాబట్టే ఒక ఇల్లు మూటాముల్లె సర్దుకుని అంత దూరం వెళ్ళింది. ఖర్చు పద్దులో ఒకే ఇంటి పేరు. రాబడి పద్దులో ఉమ్మడి ఖమ్మం జిల్లా మొత్తం. భద్రాచలం బిడ్డ అని వంతెన అవతలివాళ్ళు, ఐటీసీ బిడ్డ అని ఇవతలివాళ్ళు, తెలంగాణ బిడ్డ అని హైదరాబాదు వాళ్ళు. ఆ నాలుగెకరాల్లో ఏ ఒక్కరిదీ ఒక సెంటు కూడా లేదు. పెట్టుబడి లేకుండా డివిడెండు అడిగే ఇంతమంది వాటాదారులున్న కంపెనీ స్టాక్ మార్కెట్లో కూడా దొరకదు.

"ఊరు ఎక్కణ్ణుంచి పెడుతుందయ్యా, అందరివీ అప్పుల బతుకులే" అంటారా? వినండి. నలుగురూ కలిసి ఒకరికి డబ్బు పోగుచేసే విద్యలో మనల్ని మించినవాళ్ళు లేరు. పెళ్ళిలో మైకు పెట్టి మరీ చదివింపులు రాస్తాం. పుస్తకం భద్రంగా దాచి, పదేళ్ళ తర్వాత వాళ్ళింటి పెళ్ళికి అంతకు ఒక వంద కలిపి రాస్తాం. కాగితం లేకుండా, పూచీకత్తు లేకుండా చీటీ నడుపుతాం. పాటకు కూర్చుంటే పిల్ల ఓణీల ఫంక్షన్‌కు లక్షలు ఎత్తుతాం. వినాయక చవితికి చందా ఇవ్వని ఇంటి ముందు డప్పు ఎంతసేపు మోగుతుందో అందరికీ తెలుసు. బ్యాంకులకు లేని వసూలు యంత్రాంగం మన దగ్గరుంది. పెళ్ళికి, చావుకు, దేవుడికి పనిచేసే ఆ యంత్రం ఒక పిల్ల షూ కోసం, ఒక పిల్లాడి బస్సు చార్జీ కోసం మాత్రం కదలదు. "తిరిగి రాదు గదా" అంటారు. వినాయకుడు తిరిగి ఇస్తున్నాడా?

ఇంకో సంగతి చెప్పాలి. ఇక్కడ మనుషుల మీద పనిచేసేది ఒట్టి మాటలే అనుకుంటే పొరపాటు. సారపాక నుంచి ఏ దారిన వెళ్ళినా జామాయిల్ తోటలు కనిపిస్తాయి. 1980ల చివర్లో మిల్లు వాళ్ళు క్లోనింగ్ పద్ధతి మొదలుపెట్టారు. బాగా పెరిగిన ఒక చెట్టును ఎంచుకుని, దాని కొమ్మల ముక్కల నుంచి అచ్చంగా దానిలాంటివే వేల మొక్కలు తీయడం. భద్రాచలం క్లోన్లని వాటికి దేశమంతా పేరు. చెట్లకు పేర్లుండవు, నంబర్లే: 413, 526, ఇట్లా. ఒకే ఎత్తు, ఒకే లావు. నాలుగేళ్ళకు నరుకుడు. మోడు మళ్ళీ చిగిరిస్తే మళ్ళీ నరుకుడు.

ఇది కాగితానికి మంచి పద్ధతి, దాన్ని వెక్కిరించను. ఎంతోమంది రైతులకు బీడు భూమి మీద నాలుగు రాళ్ళు వచ్చాయి. నాకు ఆసక్తి అది ఊళ్ళో పాకే తీరు మీద. ఒకాయన వేస్తాడు. పక్క పొలంవాడికి వరే ఇష్టం, మిరపే ఇష్టం. కానీ గట్టు వారగా నీడ పడుతుంది, వేళ్ళు ఇటుకేసి నీళ్ళు లాగుతాయి, నాలుగు సాళ్ళు ఎండిపోతాయి. రెండేళ్ళు గొణిగి మూడో ఏడు ఆయనా జామాయిల్ వేస్తాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. అడిగితే "నా ఇష్టంతోనే వేసుకున్నా" అంటాడు. పిల్లల్ని కాలేజీలో వేసేదీ ఇట్లాగే. పక్కింటివాళ్ళు హైదరాబాదు హాస్టల్లో వేశాక మన పిల్ల ఇంటి దగ్గర బొమ్మలు గీసుకుంటుంటే గట్టు వారగా నీడ పడుతుంది. అందుకే మనమూ వేసేస్తాం. అక్కడ పిల్లకూ నంబరే. ఒకే యూనిఫాం, ఒకే టైంటేబుల్. నరుకుడు మాత్రం నాలుగేళ్ళ దాకా ఆగదు, రెండేళ్ళకే.

1950ల్లో అమెరికాలో సోలమన్ ఆష్ అనే ఆయన ఒక ప్రయోగం చేశాడు. కాగితం మీద గీతలు చూపించి ఏది దేనితో సమానమో చెప్పమన్నాడు. గదిలో మిగతావాళ్ళంతా ముందే కూడబలుక్కుని తప్పు చెబితే, కళ్ళెదుట గీత కనిపిస్తున్నా నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా వాళ్ళ తప్పుకే తలూపారు. పాపం, ఆ గదిలో ఉన్నది ముక్కూమొహం తెలియనివాళ్ళు. అందులో ఒక పెదనాన్న, ఇద్దరు అత్తయ్యలు ఉండి ఉంటే ఆష్‌గారికి నాలుగోవాడు కూడా దొరికేవాడు.

ఇదే గుంపును మరో వైపు తిప్పితే ఏమవుతుందో చూడటానికి అమెరికా అక్కర్లేదు, గోదావరి గట్టు పట్టుకుని పైకి వెళ్తే చర్ల ఉంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన ఇద్దరు పిల్లల్లో సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆ చర్ల మండలం కుర్రాడు, సైకిళ్ళు బాగుచేసే ఆయన కొడుకు. రెండో పిల్ల నిజామాబాద్ జిల్లా పాకాల తండాకు చెందిన మాలావత్ పూర్ణ, అప్పటికి 14 ఏళ్ళు కూడా నిండలేదు. నేపాల్ వైపు 16 ఏళ్ళ నిబంధన ఉందని టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. వీళ్ళకు సైకిల్ షాపులో, తండాలో ఒక్కసారిగా జ్ఞానోదయం కాలేదు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్, పర్వతారోహకుడు శేఖర్‌బాబు బాచినేపల్లి కలిసి పిల్లల్ని భువనగిరి బండ ఎక్కించారు, డార్జిలింగ్ పంపారు, లడఖ్ చలిలో నిలబెట్టారు. అంతకన్నా ముందు ఇంకో పని చేశారు. పిల్లల చుట్టూ ఉండే నలుగురిని మార్చేశారు. హాస్టల్లో పక్క మంచం మీదున్నవాడు కూడా కొండ ఎక్కుతానంటుంటే, ఎక్కననడానికే ధైర్యం కావాలి.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట కథా ఇదే. ఊళ్ళో ఆడపిల్లలు బరువులెత్తడం చూసి పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం ఎత్తింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ. అక్కడ బార్‌బెల్ వింత వస్తువు కాదు, రోకలి లాగా ఇంటి సామాను.

ఇక వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. దీప్తి జీవాంజి పుట్టినప్పుడు ఊళ్ళోవాళ్ళు ఆమె రూపాన్ని ఎగతాళి చేశారని, అనాథాశ్రమంలో ఇచ్చేయమని సలహా కూడా ఇచ్చారని తల్లిదండ్రులే విలేకరులకు చెప్పారు. ఆ పిల్ల 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి పారా అథ్లెటిక్స్‌లో తన విభాగపు ప్రపంచ రికార్డు పెట్టింది, సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఇంటివాళ్ళు గడవక అమ్ముకున్న పొలాన్ని తన బహుమతి డబ్బుతో తిరిగి కొనిచ్చింది. ఈ పేరాలో నాకు వ్యంగ్యం రాయడం రావట్లేదు. ఊరే రాసేసింది.

త్రిష గెలిచాక మన ధర్మాసనం బుద్ధి తెచ్చుకుందని అనుకునేరు. తెచ్చుకుంది, తన పద్ధతిలో. క్రికెట్ ఇప్పుడు ఆమోదిత కలల జాబితాకు ఎక్కబోతోంది. కొత్త క్లోన్ దొరికింది, నంబర్ 110. రేపో మాపో ఐఐటీ ప్లస్ క్రికెట్ ఇంటిగ్రేటెడ్ కోర్సు బోర్డు కూడా లేస్తుంది. హాస్టల్ వసతి, ఏసీ క్లాసులు, ఆదివారం నెట్ ప్రాక్టీసు, ఫీజు మూడు వాయిదాలు. ఎండలో నిలబడటం ఇష్టం లేని పిల్లలు ప్యాడ్లు కట్టుకుని ఏడుస్తుంటే, గేటు బయట తల్లులు యావరేజీలు పోల్చుకుంటారు. ఇదీ గుంపు నేర్చుకునే తీరు. ఒక పిల్ల అందరూ నడిచే బాట వదిలి నడిచిందన్నది దానికి కనిపించదు, ఆమె కొత్తగా వేసిన బాట మాత్రం కనిపిస్తుంది. వెంటనే అందులోకి ఊరందరినీ తోలుతుంది.

ఆ మధ్య ఒక పెళ్ళి పంక్తిలో ఈ కొత్త తీర్పు నా చెవిన పడింది. ఒకాయన మొహమాటంగా చెప్పుకుంటున్నాడు, కూతురికి గొంతు బాగుందని, సంగీతం చెప్పించాలని ఉందని.

"పాటలతో ఏమొస్తది బావా," అన్నాడు పక్క విస్తరి ఆయన, అప్పడం విరుస్తూ. "క్రికెట్‌లో ఎయ్యి. నాలుగెకరాలమ్మితే కోటొచ్చింది గదా. నీకెంతుంది?"